హ్యాండిల్ పొడవు కంటే ముందు పై ముడి: తొండవాడ ఇసుకలో ఒక కేసు

నాలుగు దారాల గాలిపటాలకు హ్యాండిల్స్ చేసిస్తుంటాను నేను. జూన్ మధ్యలో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "అన్నా, నాకు పదిహేను ఇంచుల హ్యాండిల్స్ చేసివ్వాల. ఇప్పుడుండేవి పదమూడు. పటం ఒకచోట నిలబడటమే లేదు, ఎంత బ్రేక్ వేసినా ముందుకే పోతా ఉంది, కుడి మణికట్టు రెండు రోజులుగా నొప్పి." మాట్లాడింది ఇరవై ఆరేళ్ల అమ్మాయి, చంద్రగిరి వైపు ఇల్లు, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. విదేశంలో ఉండే వాళ్ల అన్న తను వాడిన నాలుగు దారాల గాలిపటాన్ని సెలవులకు వచ్చినప్పుడు చెల్లెలికి ఇచ్చి వెళ్లాడు. పేరు రాయకుండా జరిగిందంతా రాసుకోమని తనే చెప్పింది కాబట్టి కొలతలతో సహా రాస్తున్నాను, ఎందుకంటే హ్యాండిల్ పొడవు గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, నేను మొదట చేసిన తప్పు కూడా చాలామంది చేసేదే.

తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. సంక్రాంతికి ఎగరేసే పటానికి ఒక దారం. దీనికి నాలుగు. 1980ల చివర్లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో హాడ్జికి సోదరులు రెవల్యూషన్ పేరుతో తెచ్చిన పటంతో ఈ రకం ప్రపంచమంతా పాకింది. వెడల్పుగా రెక్కలు చాచినట్టు ఉంటుంది, ఎడమ రెక్కకు పైన ఒక దారం, కింద ఒక దారం, కుడి రెక్కకూ అంతే. చేతికొక హ్యాండిల్, దాని పై కొసకు పై దారం, కింది కొసకు కింది దారం. పై కొసను మనవైపు వంచితే పటం ముందుకు పోతుంది, కింది కొసను మనవైపు లాగితే బ్రేక్ పడి ఆగుతుంది, ఇంకా లాగితే వెనక్కి వస్తుంది. ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి వెనక్కి అంటే ఉన్నచోటే చక్రంలా తిరుగుతుంది. గాల్లో తలకిందులుగా కదలకుండా నిలబెట్టొచ్చు, రెక్క కొనను ఒక రాయి మీద ఆనించొచ్చు. ఇదంతా పై దారానికీ కింది దారానికీ మధ్య మనం సృష్టించే కొద్ది సెంటీమీటర్ల తేడాతోనే జరుగుతుంది. ఆ తేడాను పుట్టించే పనిముట్టు హ్యాండిల్. బజారులో మామూలుగా దొరికే పొడవులు 13 ఇంచులు, 15 ఇంచులు, అంటే 33, 38 సెంటీమీటర్లు. చిన్న పటాలకు 11 ఇంచులవి, అంటే 28 సెంటీమీటర్లవి కూడా వాడతారు.

మేము కలిసింది తిరుపతి పక్కన తొండవాడ దగ్గర స్వర్ణముఖి నది ఇసుకలో, ముక్కోటి గుడి దాటాక. రేణిగుంట విమానాశ్రయం వైపు నేను ఎప్పుడూ ఎగరేయను, మన దారాలు పాతిక మీటర్లే అయినా సరే. అందుకే పడమటి వైపే మా స్థలం. ఇక్కడ జూన్, జూలైల్లో పడమటి గాలి వస్తుంది కానీ కొండల మీంచి దిగి వస్తుంది కాబట్టి తిన్నగా ఉండదు. తెరలు తెరలుగా కొడుతుంది, మధ్యలో చచ్చిపోతుంది. ఆ రోజు చేతిమీటరులో గాలి వేగం గంటకు 8 నుంచి 22 కిలోమీటర్ల మధ్య ఊగింది. కూడా వాళ్ల నాన్న వచ్చారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, పటం అవతల పట్టుకుని నిలబెట్టడం ఆయన పని. "ఏం నాయనా, కట్టె పొడుగు పెంచితే సరిపోతుందా?" అని వచ్చీరాగానే అడిగారు. సరిపోతుందనే చెప్పాను.

అలా ఎందుకు చెప్పానంటే, ఆమె ఎగరేస్తుంటే చూశాను కదా, హ్యాండిల్ కింది కొసలు ఛాతీ వైపు బాగా లాగిపెట్టి ఉంచుతోంది, అయినా పటం మెల్లగా పైకి ఎక్కుతూనే ఉంది. బ్రేక్ చాలడం లేదు, గాలి ఎక్కువగా ఉంది, పొడవు పెంచితే అదే వంపుకు ఎక్కువ బ్రేక్ వస్తుంది అనుకున్నాను. నా సంచిలో ఉన్న 38 సెంటీమీటర్లవి ఇచ్చాను. పది నిమిషాల్లో పటం కొంచెం దారికొచ్చినట్టే కనిపించింది. ఇరవై నిమిషాలకు ఆమె హ్యాండిల్స్ ఇసుకలో గుచ్చేసి చెయ్యి విదిలించుకుంటూ వచ్చి, "అన్నా, ఇంకా ఎక్కువ నొప్పిగా ఉంది" అంది. నాకు అప్పుడు భయం వేసింది. ఒకరి చేతి నొప్పి మీద ఊహతో ప్రయోగం చేయకూడదు. ఆ రోజుకు ఆపేశాం, వారం పాటు ఎగరెయ్యొద్దన్నాను, నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించమన్నాను. నాలుగు రోజులకు తగ్గింది.

రెండోసారి కొలతలతో మొదలుపెట్టాను. ముందు దారాలు. నాలుగింటినీ ఒక మేకుకు తగిలించి అవతలి కొసలు పక్కపక్కన లాగి చూస్తే పై దారాలు రెండూ కింది వాటికన్నా 2 సెంటీమీటర్లు పొడవున్నాయి. ఇది మామూలే. బరువు ఎక్కువగా మోసేది పై దారాలే కాబట్టి కొత్త దారాలైనా వాటికే ఎక్కువ సాగుడు, అందుకే అప్పుడప్పుడూ పైవి కిందికి, కిందివి పైకి మార్చి కట్టుకుంటాం. ముడి మార్చి సమం చేశాను. చేస్తే సమస్య ఇంకా పెరిగింది! పై దారం పొడవుగా ఉండటం అంటే ఎంతోకొంత బ్రేక్ దానంతటదే పడి ఉండటం. ఆ 2 సెంటీమీటర్లే ఆమెకు ఇన్నాళ్లూ సాయం చేస్తున్నాయి, నేను తీసేశాను. అసలు కిటుకు ఎక్కడుందో అక్కడ కొంచెం అర్థమైంది.

తర్వాత వాళ్ల నాన్నను పక్కన నిలబెట్టి ఫోనుతో వీడియో తీయించాను, హ్యాండిల్ నిలువు నుంచి ఎంత వాలుతోందో తెలియాలి కదా. గాలి 15 దగ్గర ఉన్నప్పుడు పటం ఒకచోట నిలబడిన క్షణాలు ఏరి, ఆ ఫొటోల మీద కోణం కొలిస్తే 33 సెంటీమీటర్ల హ్యాండిల్‌తో వాలు సుమారు 22 డిగ్రీలు. అంటే ఏ విన్యాసమూ చేయకుండా, ఊరికే పటాన్ని నిలబెట్టడానికే ఆమె మణికట్టు 22 డిగ్రీలు వంచి గంటసేపు పట్టుకుని ఉండాలి. ఇక వెనక్కి తెచ్చేందుకు మిగిలిన వంపు ఎంత?

ఇక్కడ చిన్న లెక్క ఉంది, స్కూలు లెక్కే. హ్యాండిల్ వాలినప్పుడు పై దారానికీ కింది దారానికీ వచ్చే తేడా అంటే హ్యాండిల్ పొడవును వాలు కోణం సైన్‌తో గుణించడమే. 33 సెంటీమీటర్లు, 22 డిగ్రీలు అంటే 12.4 సెంటీమీటర్ల తేడా. ఆ గాలిలో ఈ పటం నిలబడాలంటే కావాల్సింది ఆ 12.4. హ్యాండిల్ ఏదైనా అంతే కావాలి. మరి 38 సెంటీమీటర్ల హ్యాండిల్‌తో ఆ తేడా రావడానికి వాలు ఎంత? 19 డిగ్రీలు. నేను ఇచ్చిన పొడుగు హ్యాండిల్స్ ఆమెకు మిగిల్చింది మూడంటే మూడు డిగ్రీలు! అదే 12 సెంటీమీటర్లు పై దారం లీడరులోనే కలిపి కడితే హ్యాండిల్ దాదాపు నిటారుగా ఉండగానే పటం నిలబడుతుంది.

లీడరంటే హ్యాండిల్ కొసన కట్టి ఉండే లావుపాటి తాడు ముక్క, దాని మీద వరుసగా ముడులు ఉంటాయి, దారం ఉచ్చును ఏ ముడి వెనక బిగిస్తే అంత పొడవు. ఆమె హ్యాండిల్స్‌కు పై లీడరు వేలెడంత కూడా లేదు, ఒకే ముడి. పాత యజమాని, అంటే వాళ్ల అన్న, గాలి బాగా తక్కువుండే చోట ఎగరేసేవాడట. పలచటి గాలిలో పటం లేవాలంటే పై దారం పొట్టిగా ఉండటమే మేలు, ఆయన తన చోటుకు తగ్గట్టు కత్తిరించుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆ చోటు తొండవాడ కాదు, అంతే.

కొత్త పై లీడర్లు కట్టాను, 3 సెంటీమీటర్లకు ఒక ముడి చొప్పున నాలుగు ముడులు. ఒక్కో ముడి దాటుతూ పోయాం. మొదటి ముడికి ఆమెకేమీ తేడా తెలియలేదు. రెండో ముడికి "ఇప్పుడు కొంచెం మాట వింటా ఉంది" అంది. మూడో ముడి దగ్గర, అంటే 9 సెంటీమీటర్ల దగ్గర, పటం ఆమె తల ఎత్తున నిలబడిపోయింది, ఆమె నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. వాళ్ల నాన్న వీడియో తీయడం మానేసి చప్పట్లు కొట్టారు. కొలిస్తే వాలు 6 డిగ్రీలు. నాలుగో ముడికి హ్యాండిల్ పూర్తిగా నిటారుగా వచ్చింది కానీ గాలి తెర దాటి 10కి పడిపోగానే పటం నేల మీంచి లేవనంది, బ్రేక్ ఎక్కువై పోయింది. అందుకని తొండవాడకు మూడో ముడి, గాలి మరీ పలచగా ఉన్న రోజు ఒకటో రెండో అని ఖాయం చేశాం.

మరి 38 సెంటీమీటర్ల హ్యాండిల్ నొప్పిని ఎందుకు పెంచింది? ఇది నన్ను రెండు రాత్రులు పట్టుకుంది. పొడుగు హ్యాండిల్ అంటే ఎక్కువ పట్టు, కాబట్టి చేతికి సులువు అని అందరం అనుకుంటాం. లీవర్ లెక్క ఇక్కడ తిరగబడుతుంది. స్ప్రింగు త్రాసు పెట్టి చూస్తే, ఆ గాలికి ఒక చేతి వైపు పై దారం లాగుడు కిలోన్నర, కింది దారం లాగుడు ఆరు వందల గ్రాములు. ఆమె పట్టు మధ్యభాగం పై కొస నుంచి 8 సెంటీమీటర్లు. పై దారం చేతిని ఒకవైపు తిప్పాలని చూస్తుంది, ఒకటిన్నర ఇంటూ 8, అంటే 12. కింది దారం రెండోవైపు తిప్పాలని చూస్తుంది, 33 సెంటీమీటర్ల హ్యాండిల్‌లో 0.6 ఇంటూ 25, అంటే 15. మిగిలిన 3 మణికట్టు మోయాలి. 38లో పట్టు నుంచి కింది కొసకు దూరం 30 అవుతుంది, 0.6 ఇంటూ 30 అంటే 18, మిగిలేది 6. మణికట్టు మీద బరువు రెట్టింపు! 28 సెంటీమీటర్లలో అయితే 12కు 12 సరిపోయి చేతికి దాదాపు ఏమీ మిగలదు. పొడవు పెంచితే తక్కువ వంపుతో ఎక్కువ బ్రేక్ వస్తుంది నిజమే, కానీ ఆ బ్రేక్‌ను పట్టుకుని ఉండే భారం మణికట్టుకే వస్తుంది. పై ముడి మార్చితే ఈ భారం తగ్గదు, వంపు తగ్గుతుంది. రెండూ వేర్వేరు సంగతులు, నొప్పికి రెండూ కలిసి కారణం.

ఈ లెక్క చూశాకే ఇంకో చిన్న మార్పు తట్టింది. పట్టును ఒక్క సెంటీమీటరు కిందికి దించితే? పై లెక్క 13.5, కింది లెక్క 14.4, మిగిలేది ఒకటి కంటే తక్కువ. హ్యాండిల్ పొడవు మారలేదు కాబట్టి దారాల మధ్య తేడా ఏమీ పోదు. ఫోమ్ తొడుగును 1 సెంటీమీటరు కిందికి జరిపి, దాని మందం కూడా తగ్గించాను, ఆమెది చిన్న అరచెయ్యి, పాత తొడుగు చుట్టూ వేళ్లు సరిగా మూసుకోవడం లేదు. ఆ రోజు నుంచి నొప్పి మాట మళ్లీ వినలేదు.

ఇదంతా సర్దుకున్నాక అసలు ప్రశ్న, పొడవు ఎంత ఉండాలి అన్నది, న్యాయంగా అడగడానికి వీలైంది. వేర్వేరు హ్యాండిల్స్ చేతికిస్తే బరువు, పట్టు, వంపు అన్నీ మారిపోయి ఏది ఏమిటో తెలియదు. అందుకని 10 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీతో ఒకే జత చేశాను, ఒక్కోటి సుమారు 80 గ్రాములు. స్టీలు కడ్డీ అయితే అదే పొడవుకు దాదాపు మూడింతలు బరువు, పలచటి గాలికి పనికిరాదు. కింది దారం తగిలించడానికి 28, 33, 38 సెంటీమీటర్ల దగ్గర మూడు రంధ్రాలు వేశాను. ఏ రంధ్రానికి కట్టారో ఆమెకు కనబడకుండా వాళ్ల నాన్న కట్టి, మిగిలిన కొస చుట్టూ టేపు చుట్టి ఇచ్చేవారు. ఆ టేపు తప్పనిసరి, లేకపోతే కిందికి పొడుచుకొచ్చిన కొసకు దారం చుట్టుకుని పటం ఉన్నపళంగా గిరగిరా తిరిగి నేలకు కొట్టుకుంటుంది. మొదటి సాయంత్రం రెండుసార్లు అలాగే పడింది, పటం లోపలి కడ్డీ ఒకటి విరిగింది.

తొండవాడలో నాలుగు సాయంత్రాలు చూశాం. 28తో ఆమె చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉంది, తలకిందులుగా నిలబెట్టి రెక్క కొనతో ఇసుక మీద గీత గీసింది, చక్రం తిప్పి సరిగ్గా అనుకున్నచోట ఆపింది. కానీ గాలి తెర చచ్చిపోగానే దారాలు వేలాడతాయి, ఆ వేలాడటమే చేతి కదలికలో సగం మింగేస్తుంది, 28తో ఎంత వంచినా పటం వెనక్కి రాదు, కింద కూలబడుతుంది. 38తో దీనికి సరిగ్గా ఎదురు. గాలి పడిపోయినా ఒక్క లాగుతో పటాన్ని ఆదుకోగలిగింది కానీ తెర వచ్చినప్పుడు ప్రతి కదలికా అవసరానికి మించి పోయేది, చక్రం ఆపబోతే పావు చుట్టు దాటిపోయేది. 33 రెండింటికీ మధ్య. ఏ రంధ్రమో తెలియకుండానే నాలుగు సాయంత్రాల్లో మూడుసార్లు "ఇది ఉండనీ నాన్నా" అన్నది 33నే.

దారాలు పొడవు పెంచితే హ్యాండిల్ కూడా పెంచాలా అని అడుగుతుంటారు. పటం దగ్గర కోణం మారేది దారాల తేడాతోనే, దారం 24 మీటర్లైనా 36 మీటర్లైనా 11 సెంటీమీటర్ల తేడా 11 సెంటీమీటర్లే. పెరిగేది సాగుడు, వేలాడటం. బలమైన గాలిలో, బిగువుగా ఉన్న దారాలతో ఇది పెద్దగా పట్టించుకోవక్కర్లేదు. పటం పరిమాణం మాత్రం చాలా ముఖ్యం. ఆమె పటంలో పై దారం, కింది దారం తగిలే చోట్ల మధ్య దూరం 75 సెంటీమీటర్లు. 33 హ్యాండిల్‌ను 20 డిగ్రీలు వంచితే 11.3 సెంటీమీటర్ల తేడా వచ్చి పటం సుమారు 9 డిగ్రీలు వాలుతుంది. అదే దూరం 50 సెంటీమీటర్లున్న చిన్న పటమైతే అంతే వంపుకు 13 డిగ్రీలు వాలి బెదిరిన గుర్రంలా ఎగిరిపడుతుంది. చిన్న పటానికి పొట్టి హ్యాండిల్ అనేది ఇందుకే.

జూలైలో ఒక ఆదివారం తూపిలిపాళెం బీచ్‌కు వెళ్లాం. జిల్లాల విభజన తర్వాత తిరుపతి జిల్లాకే సముద్రం వచ్చింది, నాకు దానికంటే సంతోషం లేదు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి వచ్చిన గాలి 22 నుంచి 25 మధ్య, గంటల తరబడి ఒకే తీరున. తొండవాడలో నేర్చుకున్నవాళ్లకు అలాంటి గాలి ఒక వరం, చెయ్యి చేసే ప్రతి పనీ పటం మీద అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. అక్కడ మూడో ముడి చాలలేదు, నాలుగో ముడి వేశాం. అక్కడే 38 రంధ్రం మొదటిసారి పనికొచ్చింది. గాలి బలానికి పటం ముందుకు దూసుకుపోతుంటే ఆపడానికి పెద్ద బ్రేక్ కావాలి, తెరలు లేవు కాబట్టి అతిగా కదిలే ఇబ్బంది లేదు. అరగంట ఎగరేసి, నేను అడగకముందే తనే ఆపి చెయ్యి చూసుకుంది. నొప్పి లేదు కానీ అలసట ఉంది. నా ఉద్దేశంలో ఆ గాలికి సరైన జవాబు పొడుగు హ్యాండిల్ కాదు, పై అంచు దగ్గర జాలీ గుడ్డ వేసిన పటం, అది గాలిని కొంత వదిలేస్తుంది, లాగుడే తగ్గుతుంది. అది లేనప్పుడు 38 ఒక సర్దుబాటు మాత్రమే.

దారం గురించి ఒక మాట, ఎందుకంటే తొండవాడలో గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "అది చైనా దారమా నాయనా, మా గొర్రెల కాళ్లు తెగుతాయే" అని అడిగాడు. ఆయన అడిగింది నూటికి నూరు పాళ్లు న్యాయం. నైలాన్ లాంటి సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. మేము వాడేది గాజుపూత లేని డైనీమా దారం, అదీ సింథటిక్ దారమే, పూత లేకపోయినా బిగువుగా ఉన్నప్పుడు ఏ దారమైనా చర్మాన్ని కోస్తుంది. గొర్రెలు దాటేదాకా పటాన్ని నేల మీద ఆనించి, హ్యాండిల్స్ ఇసుకలో గుచ్చి పక్కన కూర్చున్నాం. మా దారాలకు అడ్డంగా మనుషులు గానీ పశువులు గానీ నడిచే చోట నేను ఎగరేయను, అలాంటి చోట ఎగరేసేవాళ్లకు హ్యాండిల్స్ చేసి కూడా ఇవ్వను.

చివరికి ఆమెకు చేసిచ్చిన జత 33 సెంటీమీటర్లది, పట్టు మధ్యభాగం పై కొస నుంచి 9 సెంటీమీటర్లు, పై లీడరుకు నాలుగు ముడులు, మూడో ముడికి ఎర్ర దారం చుట్టి ఉంది. 38 కావాలంటే కింద తొడుక్కునే 5 సెంటీమీటర్ల ముక్క ఒకటి విడిగా సంచిలో వేశాను. అది ఇంకా బయటికి తియ్యలేదట. మూడు రంధ్రాల అల్యూమినియం జత మాత్రం వాళ్ల నాన్న అడిగి తీసుకున్నారు. "పటం పట్టుకుని నిలబడింది చాల్లే నాయనా, ఇంక నేను ఎగరేస్తా" అని. ఆయన చేతులు పెద్దవి, బలమైనవి, ఏ రంధ్రం దగ్గర ఆగుతారో వచ్చే ఆదివారం నుంచి చూడాలి. మొదటి ముడితోనే మొదలుపెట్టమని చెప్పాను.